వెనక్కి తగ్గే విద్య

1978 జనవరి 22న సోవియట్ సరకు నౌక ప్రోగ్రెస్-1 సల్యూట్-6 అంతరిక్ష కేంద్రాన్ని చేరి దానికి అతుక్కుంది. అందులో మనుషులెవరూ లేరు. రెండు టన్నులకు పైగా సామాను మాత్రం ఉంది: ఇంధనం, తిండి, గాలి, విడిభాగాలు, ప్రయోగాల సరంజామా. అప్పటికే సల్యూట్‌లో ఉన్న యూరీ రొమనెంకో, జార్జి గ్రెచ్కో తలుపు తీసి అదంతా దించుకున్నారు. అంతవరకూ ఏ అంతరిక్ష కేంద్రమైనా తనతో పైకి మోసుకెళ్లిన నిల్వలు ఉన్నంతకాలమే నడిచేది. అవి అయిపోతే దాని కథ ముగిసినట్టే. ప్రోగ్రెస్ రాకతో ఆ హద్దు చెరిగిపోయింది. ఆ తరవాత రష్యన్ల కేంద్రం మిర్‌లో, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో, ఇప్పుడు చైనావాళ్ల తియాన్‌గోంగ్‌లో మనుషులు నెలల తరబడి కాపురం ఉండగలిగారంటే అది చాలావరకు ఈ డ్రైవరు లేని సరకు నౌకల చలవే. ఇంతటి పని గురించి పత్రికల్లో వచ్చేది మాత్రం రెండే రెండు రకాల వార్తలు. డాకింగ్, అంటే కేంద్రానికి అతుక్కోవడం, అయితే విజయం, కాకపోతే వైఫల్యం. ఈ కొలబద్ద తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. సరకు నౌక సత్తాను అది ఎంత కచ్చితంగా అతుక్కుందో చూసి తేల్చకూడదు. ఏదో తేడాగా ఉందని ఎంత ముందుగా పసిగట్టింది, కేంద్రానికి గీత పడకుండా ఎంత క్షేమంగా వెనక్కి తగ్గింది అన్నది చూడాలి. దాదాపు ఆరు దశాబ్దాల డాకింగ్ చరిత్రను తిరగేస్తే ప్రాణాల మీదికి వచ్చిన ఘట్టాలకూ, మళ్లీ మళ్లీ నమ్మకంగా పనిచేసిన యంత్రాలకూ మధ్య తేలే తేడా ఇదే.

వెనక్కి తగ్గడం అంత సులువేమీ కాదు. రోడ్డు మీద ముందు పోతున్న బస్సును అందుకోవాలంటే యాక్సిలరేటర్ తొక్కుతాం, ఆగాలంటే బ్రేకు వేస్తాం. కక్ష్యలో ఈ రెండూ చెల్లవు. వేగం పెంచిన నౌక పై కక్ష్యకు ఎక్కుతుంది. పైకి పోయేకొద్దీ చుట్టు పెద్దదవుతుంది, నడక మందగిస్తుంది. అలా ముందున్నదాన్ని అందుకోవాల్సింది పోయి ఇంకా వెనకబడుతుంది. అందుకోవాలంటే కాస్త కిందికి దిగి, అక్కడి చిన్న చుట్టులో వేగంగా తిరిగి, సరిగ్గా సమయానికి మళ్లీ పైకి లేవాలి. 1965 జూన్‌లో జెమిని-4 కమాండర్ జేమ్స్ మెక్‌డివిట్ తమను మోసుకొచ్చిన రాకెట్ పైదశకు దగ్గరగా వెళ్లాలని చూశాడు. కంటికి కనబడుతున్న వస్తువు వైపు ముక్కు తిప్పి థ్రస్టర్లు అనే చిన్న ఇంజిన్లు పేల్చిన ప్రతిసారీ అది దూరం జరిగింది. ఇంధనం కరిగిపోతుండటంతో ఆ ప్రయత్నాన్ని మధ్యలోనే వదిలేశారు. పైలట్‌గా అతనికి వంక పెట్టడానికి లేదు. నేల మీద, గాలిలో సంపాదించిన అనుభవమే అక్కడ అడ్డుపడింది. అందుకే ఈ విద్యను లెక్కల్లోంచి నేర్చుకోవాల్సి వచ్చింది. తరవాత చంద్రుడి మీద నడిచిన బజ్ ఆల్డ్రిన్ 1963లో ఎంఐటీ నుంచి డాక్టరేట్ తీసుకున్నది ఈ అంశం మీదే. 1966 మార్చి 16న జెమిని-8లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ స్కాట్ తొలి డాకింగ్ చేశారు. 1967 అక్టోబరు 30న సోవియట్ నౌకలు కాస్మోస్-186, కాస్మోస్-188 మనిషి ప్రమేయం లేకుండా వాటంతట అవే కలిశాయి.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతుందని ప్రతి వార్తలోనూ రాస్తారు. నిజమే కానీ, డాకింగ్‌కు ఆ అంకెతో పని లేదు. రెండూ అదే వేగంతో పోతున్నప్పుడు లెక్కకొచ్చేది వాటి మధ్య ఉన్న తేడా ఒక్కటే. చివరి అంగలో ఆ తేడా సెకనుకు సెంటీమీటర్లలోనే ఉంటుంది. ప్రమాదం కూడా అందులోనే పొంచి ఉంది. ఏడు టన్నుల నౌక అతి నెమ్మదిగా దొర్లుకుంటూ వచ్చినా ఏడు టన్నుల నౌకే. ఆపేందుకు అక్కడ గాలి లేదు, నేల రాపిడి లేదు. ముందువైపు థ్రస్టర్లు పేల్చాలి. పేల్చాలంటే ఎంత దూరంలో ఉన్నామో, ఎంత వేగంతో దగ్గరవుతున్నామో తెలియాలి, ట్యాంకులో ఇంధనం మిగిలి ఉండాలి, థ్రస్టర్లు మాట వినాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా వెనక్కి తగ్గే దారి మూసుకుపోతుంది. అందుకే ప్రయాణాన్ని మజిలీలుగా విడగొడతారు. ప్రతి మజిలీలో నౌక నిలబడాలి, తన లెక్కలు సరిగ్గా ఉన్నాయని రుజువు చేసుకోవాలి, అప్పుడే ముందుకు కదలాలి. కేంద్రం చుట్టూ 200 మీటర్ల వ్యాసార్ధంతో ఒక కనబడని గోళాన్ని గీశారు. దాని లోపలికి అనుమతి లేకుండా ఏ నౌకా రాకూడదు. దూరంగా ఉన్నప్పుడైతే, ఇంజిన్లన్నీ ఉన్నట్టుండి ఆగిపోయినా కేంద్రాన్ని తాకకుండా పక్కనుంచి జారిపోయే దారులనే ఎంచుకుంటారు.

ఈ జాగ్రత్తలను పక్కన పెడితే ఏమవుతుందో 1997 జూన్ 25న మిర్‌లో ఉన్న ముగ్గురికి తెలిసొచ్చింది. ప్రోగ్రెస్ నౌకలను కేంద్రం దాకా నడిపించే రాడార్ వ్యవస్థ పేరు కుర్స్. దాన్ని తయారుచేసే సంస్థ కీవ్‌లో ఉంది. సోవియట్ యూనియన్ విడిపోయాక కీవ్ వేరే దేశమైపోయింది, పరికరం ఖరీదూ పెరిగింది. దాన్ని మానేసి, మిర్‌లో కూర్చున్న వ్యోమగామే తెర చూస్తూ జాయ్‌స్టిక్‌లతో సరకు నౌకను నడిపితే సరిపోతుందా అని రష్యన్లు పరీక్షలు మొదలుపెట్టారు. ఆ పద్ధతిని తోరు అంటారు. మార్చిలో చేసిన మొదటి పరీక్షలో తెర మీద బొమ్మ సమయానికి రాలేదు. ప్రోగ్రెస్ ఎం-33 అదుపు లేకుండా మిర్ పక్కనుంచి సుమారు 200 మీటర్ల దూరంలో దూసుకుపోయింది. కుర్స్ రాడార్ తరంగాలే వీడియోను చెడగొట్టి ఉంటాయని ఇంజినీర్లు అనుమానించారు. జూన్‌లో ప్రోగ్రెస్ ఎం-34తో మళ్లీ ప్రయత్నించినప్పుడు ఆ రాడార్‌ను ఆపేశారు. అంటే మొదటి పరీక్ష ప్రమాద హెచ్చరిక చేస్తే, దానికి విరుగుడుగా రెండో పరీక్షలో దూరం చెప్పే పరికరాన్నే తీసేశారు. ఈ నిర్ణయం దగ్గరే కథ అడ్డం తిరిగింది.

ఆ రోజు కమాండర్ వసీలీ సిబ్లియెవ్ రెండు చేతుల్లో రెండు జాయ్‌స్టిక్‌లతో తెర ముందు ఉన్నాడు. తెర మీద కనిపిస్తున్నది సరకు నౌక ముందున్న కెమెరా పంపుతున్న చిత్రం. నౌక పైనుంచి దిగుతోంది కాబట్టి మిర్ వెనకాల భూమి, తెల్లటి మేఘాలు ఉన్నాయి. ఆ తెలుపులో కేంద్రం ఎక్కడుందో పోల్చుకోవడమే గగనమైంది. తెర మీద దూరం అంకె లేదు, వేగం అంకె లేదు. గీతల మీద మిర్ బొమ్మ ఎన్ని గళ్లు ఆక్రమించిందో చూసి దూరాన్ని అంచనా వేసుకోవాలి. ఈ విద్యలో అతను శిక్షణ పొంది అప్పటికి నెలలు గడిచాయి. అలెగ్జాండర్ లజూత్కిన్, అమెరికన్ మైకేల్ ఫోల్ కిటికీలకు అతుక్కుపోయి నౌక కోసం వెతుకుతున్నారు. లేజర్‌తో దూరం కొలిచే చేతి పరికరం ఉంది గానీ కొలవడానికి నౌక కంటపడితేగా! లజూత్కిన్‌కు అది కనబడేసరికి మరీ దగ్గరికి వచ్చేసింది. సిబ్లియెవ్ వెనక్కి లాగే థ్రస్టర్లు పేల్చినా వేగం అంత తొందరగా చావలేదు. సెకనుకు దాదాపు 3 మీటర్ల వేగంతో నౌక స్పెక్టర్ మాడ్యూల్ సౌరఫలకాన్ని, ఆ వెంటనే దాని గోడను ఢీకొట్టింది. గాలి బయటికి పోతోందని చెవులకు తెలుస్తోంది. స్పెక్టర్ తలుపు వేద్దామంటే గుమ్మంలోంచి కరెంటు తీగలు పోతున్నాయి. కొన్నింటిని ఊడబీకారు, కొన్నింటిని కత్తితో కోసేశారు. లోపలి తలుపు పడకపోవడంతో బయటనుంచి ఒక మూత తెచ్చి బిగించారు. స్పెక్టర్ నుంచి వచ్చే కరెంటు పోయింది, కేంద్రం గింగిరాలు తిరుగుతోంది. ఫోల్ కిటికీ దగ్గర చెయ్యి చాపి, బొటనవేలిని నక్షత్రాలకు అడ్డం పెట్టి, కేంద్రం ఎంత వేగంగా తిరుగుతోందో లెక్క కట్టాడు. ఆ అంచనా ఆధారంగానే నేల మీద ఉన్నవాళ్లు ఆ గింగిరాలను ఆపే ప్రయత్నం చేశారు.

మొదట్లో వేళ్లన్నీ సిబ్లియెవ్ వైపే చూపించాయి. ఆయన చేతిలో పొరపాటు జరిగిందా లేదా అన్నది నాకు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంది: ఆ పరీక్షలో ‘ఇక వద్దు’ అని చెప్పే అధికారం ఎవరి దగ్గర ఉంది, ఏ అంకె చూసి చెప్పాలి? ఫలానా క్షణానికి నౌక కంటికి కనబడకపోతే ఆపేయాలి, ఫలానా దూరంలో వేగం ఇంతకు మించితే పక్కకు తప్పించాలి అనాలంటే ముందు ఆ దూరం, ఆ వేగం తెలియాలి. ఆ రెండూ ఇచ్చే పరికరాన్ని కట్టేసి, నిర్ణయాన్ని ఒక మనిషి కంటి మీదికి నెట్టారు. నిపుణుడైన వ్యోమగామి కూడా లేని అంకెను చదవలేడు.

దీనికి బలమైన అభ్యంతరమే ఉంది. యంత్రం చేతులెత్తేసినప్పుడు కాపాడింది మనిషి కాదా అని అడగవచ్చు. అవును, కాపాడాడు. 1994 ఆగస్టులో ప్రోగ్రెస్ ఎం-24 స్వయంచాలకంగా కలవలేక మిర్‌కు తగిలి వెనుదిరిగితే, సెప్టెంబరు 2న యూరీ మలెంచెంకో అదే తోరు పద్ధతిలో దాన్ని చేతులతో నడిపి భద్రంగా చేర్చాడు. అంతకన్నా గొప్ప ఉదాహరణ 1985 జూన్ నాటిది. కరెంటు పోయి, రేడియో మూగబోయి, చలికి గడ్డకట్టిన సల్యూట్-7కు వ్లదీమిర్ జానిబెకోవ్ తన సోయజ్ నౌకను చేతులతో నడిపి కలిపాడు. ఆ కేంద్రం నుంచి ఏ సంకేతమూ అందలేదు. చేతి లేజర్‌తో దూరం కొలుచుకుంటూ, కిటికీలోంచి చూసుకుంటూ వెళ్లాడు. అంతరిక్ష చరిత్రలో అంతటి సాహసాలు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవే. అయితే ఆయన చేతిలో ఏముందో గమనించండి. దూరం చెప్పే సాధనం ఉంది. ఎదుటి కేంద్రాన్ని తన కంటితో చూస్తున్నాడు. తాను కూర్చున్న నౌకనే నడుపుతున్నాడు. తేడా వస్తే ఆగిపోయే వీలు చివరి క్షణం దాకా ఆయన గుప్పిట్లోనే ఉంది. సిబ్లియెవ్‌కు వీటిలో ఒక్కటీ దక్కలేదు. కాబట్టి జానిబెకోవ్ విజయం మనిషా, యంత్రమా అన్న పోటీలో మనిషికి పడిన ఓటు కాదు. వెనక్కి తగ్గే వీలు చేతిలో ఉంచుకున్నవాడు నెగ్గాడన్నదానికి సాక్ష్యం.

మలెంచెంకోను మళ్లీ 2008 ఏప్రిల్ 3న చూస్తాం. ఈసారి ఆయన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో, జ్వెజ్దా మాడ్యూల్‌లో, పెగ్గీ విట్సన్‌తో కలిసి మరో తెర ముందు ఉన్నాడు. వస్తున్నది ఐరోపా తొలి సరకు నౌక ఏటీవీ, పేరు జూల్ వెర్న్. బరువు ప్రోగ్రెస్‌కు రెండింతలకు పైనే, దాదాపు 20 టన్నులు. ఈ నౌకను కేంద్రం లోపలినుంచి నడిపేందుకు జాయ్‌స్టిక్ లేదు. మలెంచెంకో ముందున్న మీటలన్నీ దాదాపు ఒకే భావం చెబుతాయి: ఆగు, వెనక్కి జరుగు, తప్పుకో. అవేవీ పనిచేయకపోతే ఒక ఎర్ర బటన్. దాన్ని నొక్కితే నౌక ఉన్న పనులన్నీ వదిలేసి దూరంగా పారిపోతుంది. 1994లో జాయ్‌స్టిక్‌లతో నౌకను చేర్చిన ఆ చేతులకే 2008లో ఇచ్చిన బాధ్యత ‘వద్దు’ అని చెప్పడం. ఇది మనిషికి జరిగిన చిన్నచూపు అని నేననుకోను. సెంటీమీటర్ల లెక్క యంత్రం మనకన్నా బాగా చేస్తుంది. ఇది మామూలుగా లేదు అన్న స్పృహ మనిషికి ఎక్కువ. ఎవరికి చేతనైన పని వారికి పంచారు.

ఏటీవీ లోపలి ఏర్పాటు కూడా ఈ ఆలోచన మీదే నిలబడింది. మూడు కంప్యూటర్లు ఒకదాని లెక్కను మరొకటి సరిచూసుకుంటూ నౌకను నడుపుతాయి. వాటితో సంబంధం లేని వేరే సాఫ్ట్‌వేర్‌తో ఒక కాపలా వ్యవస్థ విడిగా పనిచేస్తూ ఉంటుంది. ఆ మూడూ కూడబలుక్కున్నట్టు ఒకే తప్పు చేసినా అది పట్టుకుని నౌకను కేంద్రం నుంచి పక్కకు తప్పిస్తుంది. దూరంలో జీపీఎస్ సాయంతో వచ్చిన నౌక 249 మీటర్ల దగ్గర నిలబడుతుంది. అక్కడినుంచి లేజర్ కళ్లు పనిచేస్తాయి. జ్వెజ్దా వెనకవైపు అమర్చిన 26 అద్దాల మీద కాంతి పడి తిరిగొస్తుంది. ఆ చుక్కల అమరికను బట్టి దూరం, దిశ, వంపు తేలతాయి. 19 మీటర్ల దగ్గర మళ్లీ నిలబడుతుంది, 11 మీటర్ల దగ్గర ఇంకోసారి. చివరికి సెకనుకు 7 సెంటీమీటర్ల చొప్పున వచ్చి కలుస్తుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ కచ్చితత్వం కన్నా అంతకుముందు జరిగిన తతంగం. మార్చి 9న కూరూ నుంచి బయల్దేరిన జూల్ వెర్న్‌తో మార్చి 14న ఢీకొనకుండా తప్పుకునే విన్యాసాన్ని కేంద్రానికి దూరంగా చేయించి చూశారు. మార్చి 29న మూడున్నర కిలోమీటర్ల దాకా రప్పించి పంపేశారు. మార్చి 31న 11 మీటర్ల దాకా తెచ్చి, గుమ్మం ముందునుంచి వెనక్కి పంపారు. తలుపు తట్టేముందు తిరిగి పోవడం వచ్చని రుజువు చేసుకున్నాకే లోపలికి అనుమతించారు. ఆ తరవాత వచ్చిన నాలుగింటితో కలిపి ఐదు ఏటీవీలూ కేంద్రాన్ని భద్రంగా చేరాయి.

కాపలా వ్యవస్థ విడిగా ఎందుకు ఉండాలో నాసా 2005లో నేర్చుకుంది. ఆ ఏడాది ఏప్రిల్ 15న డార్ట్ అనే చిన్న నౌకను పైకి పంపారు. మనిషి జోక్యం లేకుండా మబ్‌లకామ్ అనే పాత ఉపగ్రహం దగ్గరికి వెళ్లి, చుట్టూ తిరిగి రావడం దాని పని. దారిలో దాని లెక్కలు చెడిపోయాయి. ఇంధనం అనుకున్నదానికన్నా చాలా వేగంగా ఖర్చయింది. తాను ఉపగ్రహానికి దూరంగా జరుగుతున్నానన్న లెక్కలో ఉంటూనే డార్ట్ ముందుకొచ్చి దాన్ని తాకింది. ఢీకొనకుండా తప్పించే ఏర్పాటు దానిలోనూ ఉంది. కానీ ఆ ఏర్పాటు కూడా ఆ తప్పుడు లెక్కలనే నమ్ముకుంది. తప్పు చేస్తున్న కన్నూ తప్పును పట్టాల్సిన కన్నూ ఒకటే అయితే కాపలా ఉన్నా లేనట్టే. వెనక్కి తగ్గే విద్య ఉంటే చాలదు, అది స్వతంత్రంగా ఉండాలి అన్న ఏటీవీ పాఠాన్ని డార్ట్ మూడేళ్ల ముందే మరోవైపునుంచి చెప్పింది.

మరి ఇంత తంటా ఎందుకు, కేంద్రానికున్న మరచేత్తో పట్టుకుంటే సరిపోదా అన్నది ఇంకో అభ్యంతరం. జపాన్ కౌనొతొరి 2009 నుంచి, స్పేస్ ఎక్స్ తొలి తరం డ్రాగన్ 2012 నుంచి, సిగ్నస్ 2013 నుంచి అలాగే చేరాయి. నౌక సుమారు 10 మీటర్ల దూరంలో నిలబడుతుంది, లోపలి వ్యోమగామి మరచేయి చాపి దాన్ని పట్టుకుంటారు. ఈ నౌకలు కిందివైపునుంచి పైకి వస్తాయి. ఆ దారిలో థ్రస్టర్లు ఆపేస్తే చాలు, కక్ష్య ధర్మమే నౌకను కేంద్రం నుంచి దూరంగా జారుస్తుంది. వెనక్కి తగ్గడానికి ప్రకృతే సాయం చేసే దారి అది. అక్కడ కూడా ఆగాల్సిన అవసరం తప్పలేదు. 2012 మేలో డ్రాగన్ లేజర్ కన్ను జపాన్ మాడ్యూల్ మీద ఉన్న వేరే అద్దం మెరుపును చూసి తికమకపడింది. నౌకను ఆపి, ఆ కన్ను చూసే పరిధిని కుదించి, మళ్లీ రప్పించారు. 2013 సెప్టెంబరులో తొలి సిగ్నస్‌కూ కేంద్రానికీ జీపీఎస్ లెక్కల్లో పొత్తు కుదరక, దాన్ని వారం రోజులు దూరంగా ఉంచి సాఫ్ట్‌వేర్ సరిచేశారు. రెండూ క్షేమంగా చేరాయి. మరచేయి మంచి పద్ధతే. కానీ పట్టుకునేందుకు లోపల మనిషి సిద్ధంగా ఉండాలి. ఇక ప్రోగ్రెస్ లాంటి నౌకలు డాకింగ్ ద్వారంలోని గొట్టాల గుండానే కేంద్రం ట్యాంకుల్లోకి ఇంధనం ఎక్కిస్తాయి, అతుక్కుని ఉండగా తమ ఇంజిన్లతో కేంద్రాన్ని పైకక్ష్యకు నెడతాయి. డ్రాగన్ సరకు నౌక కూడా 2020 డిసెంబరు నుంచి మరచేయి వదిలేసి తనంతట తానే డాక్ అవుతోంది.

ఖర్చు మాటేమిటి? ఆగిన ప్రతిసారీ ఇంధనం పోతుంది, వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లాలంటే రోజులు పడతాయి. ఆ ఇంధనం బరువుకు సమానంగా సరకు తగ్గించాలి. ఇది కాదనలేని మాట. దీన్ని ఎదుటి పళ్లెంలో పెట్టి తూచి చూడండి. మిర్‌లో స్పెక్టర్ మాడ్యూల్ మళ్లీ మనిషి నివాసానికి పనికిరాలేదు. ఒక సరకు నౌక ఇంధనంలో కొంత మిగుల్చుకోవడానికి ఒక మాడ్యూల్‌ను పోగొట్టుకోవడం ఏ లెక్కలోనూ లాభం కాదు. 2022 నవంబరు 12న చైనా సరకు నౌక తియాన్‌జౌ-5 ప్రయోగించిన 2 గంటల 7 నిమిషాల్లో కేంద్రాన్ని చేరింది కదా, ఈ మజిలీలన్నీ పాతకాలపు చాదస్తం కాదా అనీ అడుగుతారు. ఆ సమయం మిగిలింది రాకెట్ నౌకను దించిన కక్ష్య కచ్చితత్వంలో, దూరపు ప్రయాణం లెక్కల్లో. చివరి మీటర్లను పరుగుతో దాటడానికి ఇప్పటికీ ఎవరూ సాహసించడం లేదు. 2019 ఆగస్టు 24 సంగతి చూడండి. మనుషులు లేకుండా వచ్చిన సోయజ్ ఎంఎస్-14ను కుర్స్ సంకేతంలోని లోపం వల్ల పాయిస్క్ మాడ్యూల్ ద్వారం వైపు నుంచి వెనక్కి పంపేశారు. అప్పటికే జ్వెజ్దాకు తగిలించి ఉన్న మరో సోయజ్‌ను ముగ్గురు వ్యోమగాములు ఎక్కి, 26న దాన్ని పాయిస్క్‌కు మార్చి చోటు ఖాళీ చేశారు. 27న ఎంఎస్-14 ఆ ఖాళీలో చక్కగా కలిసింది. మొదటిరోజు వార్తల్లో అది వైఫల్యం. నా లెక్కలో ఆ మూడు రోజులూ కలిపి ఒకే విజయం.

ఇదే చూపుతో మన ఇస్రో డాకింగ్ ప్రయోగం స్పేడెక్స్‌ను మళ్లీ చదవాలి. 2024 డిసెంబరు 30 రాత్రి శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 రెండు ఉపగ్రహాలను మోసుకెళ్లింది. ఒక్కొక్కటి 220 కిలోలు. వాటిని కూర్చి పరీక్షించిన పనిలో హైదరాబాద్ సంస్థ అనంత్ టెక్నాలజీస్ పాత్ర ఉంది. డాకింగ్‌కు జనవరి 7 అనుకున్నారు. నౌక పనిని మధ్యలో ఆపాల్సిన సందర్భం ఒకటి బయటపడిందని, దాన్ని నేల మీద మళ్లీ పరీక్షించాలని ఇస్రో దాన్ని 9కి జరిపింది. 8న రెంటి మధ్య దూరాన్ని 225 మీటర్లకు తగ్గించే విన్యాసంలో జారుడు అనుకున్నదానికన్నా ఎక్కువైంది. మళ్లీ వాయిదా. 12న 15 మీటర్లకు, ఆపైన 3 మీటర్లకు తెచ్చి, కావాలనే వెనక్కి పంపారు. 16న కలిపారు. ఆ పది రోజులూ మన టీవీ చర్చల్లో ‘ఇస్రోకు ఎదురుదెబ్బ’ అన్న మాట వినబడింది. నిజానికి జూల్ వెర్న్ చేసిన పనే, తక్కువ ఖర్చుతో, చిన్న నౌకలతో ఇస్రో చేసింది. అందులోని ప్రతి వాయిదా కారణాన్నీ బయటికి చెప్పింది. దాని ఫలితం ఏప్రిల్ 20న, వాటిని రెండోసారి కలిపినప్పుడు కనబడింది. మొదటిసారి 3 మీటర్ల దగ్గర మనుషులు చూసి అనుమతించారు. రెండోసారి 15 మీటర్ల నుంచి కలిసేదాకా ఉపగ్రహాలే స్వయంగా పూర్తిచేశాయి. కక్ష్యలో డాకింగ్ చేసిన దేశాల్లో మనదాన్ని నాలుగోదిగా లెక్కిస్తున్నారు. నా వరకైతే ఆ వరసలో జపాన్‌కూ చోటివ్వాలి. 1998 జూలై 7న ఆ దేశపు జంట ఉపగ్రహాలు ఒరిహిమే, హికొబోషి కలిశాయి. ఆ రోజే కలుసుకుంటారని వాళ్లు చెప్పుకునే నక్షత్ర ప్రేమికుల పేర్లవి. రెండో ప్రయత్నంలో థ్రస్టర్ల ఇబ్బంది వచ్చి, ఆ నౌక పలుమార్లు తనంతట తానే వెనక్కి తగ్గి, ఆగస్టు చివర్లో గానీ కలవలేదు. మొదటి కలయిక కన్నా ఆ రెండోదే ఇంజినీర్లకు ఎక్కువ నేర్పి ఉంటుందని నా నమ్మకం.

భారతీయ అంతరిక్ష స్టేషన్ తొలి మాడ్యూల్‌ను 2028లో పంపాలని, 2035 నాటికి కేంద్రాన్ని పూర్తిచేయాలన్నది ప్రభుత్వ లక్ష్యం. అక్కడ మనవాళ్లు ఉండాలంటే తిండి, నీళ్లు, ఇంధనం మోసే నౌకలు తప్పవు. అప్పుడు కలవాల్సినవి 220 కిలోల ఉపగ్రహాలు కావు, టన్నుల బరువున్న నౌకలు. అవతల మనుషులు ఉంటారు. కాబట్టి ఇస్రోకు నా విన్నపాలు కొన్ని ఉన్నాయి. ప్రధాన కంప్యూటర్లను నమ్మకుండా విడిగా లెక్క చూసుకునే కాపలా వ్యవస్థకు బరువు, డబ్బు కేటాయించడంలో వెనకాడొద్దు. తొలి సరకు నౌకను నేరుగా ద్వారానికి పంపకుండా, కేంద్రం ముందునుంచి కనీసం రెండుసార్లు వెనక్కి పంపి చూడండి. జనవరి 2025లో చెప్పినట్టే ప్రతి వాయిదాకూ కారణం ప్రజలకు చెప్పండి. డాకింగ్ తేదీని ఏ పండక్కో, ఏ ఉత్సవానికో ముడిపెట్టకండి. నాతోటి పత్రికలవారికీ ఒక మాట. నౌక వెనక్కి వచ్చిందన్న కబురు అందినప్పుడు ‘వైఫల్యం’ అన్న శీర్షిక పెట్టేముందు రెండు ప్రశ్నలు అడుగుదాం: ఏ పరికరం తేడాను పట్టుకుంది, అప్పటికి నౌక కేంద్రానికి ఎంత దూరంలో ఉంది? ఆ రెండింటి జవాబూ కలిపి పాఠకులకు ఇస్తే చాలు, అది విజయమో కాదో వాళ్లే తేల్చుకుంటారు.